బొంబాయి నుంచి వచ్చిన రాణి రూపాయి

పాత నాణేలు పోస్టులో తెప్పించుకుంటే గిట్టుబాటు అవుతుందా అని నన్ను ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. ఒక్క మాటలో చెప్పలేను. ఆ ప్రశ్నకు మా ఇంట్లో నాదొక జవాబు, మా ఆవిడదొక జవాబు. మా అత్తగారి దగ్గర మూడోది కూడా ఉంది గానీ, దాన్ని ఆవిడ గోడకే చెప్పారు.

బస్తరు ఇంకా సంస్థానంగా ఉన్న రోజులవి. బి.ఏ. పట్టా చేతపట్టుకుని, దానికి తగిన ఉద్యోగం వెతుక్కుంటూ బయల్దేరి, ఎక్కడో దారి తప్పి, బాసగూడలో ఒక టేకు గుత్తేదారు దగ్గర దుంగల మీద నంబర్లు వేయించే పనిలో కుదిరాను. దుంగలకు డిగ్రీ పట్టింపు లేదు. సాయంత్రాలు తాలిపేరు వాగు ఒడ్డున నడవడం, దోమలు కొట్టుకోవడం తప్ప వేరే కాలక్షేపం లేక, నాణేలు పోగుచేసే జబ్బు పట్టుకుంది.

కొన్ని సంతలో దొరికేవి. మిగతావి బొంబాయి వర్తకుడొకాయన అచ్చేసి పంపే ధరల పట్టీలో చూసి తెప్పించేవాణ్ణి. ఆ పట్టీ భాషే వేరు. అందులో ‘బాగుంది’ అంటే బాగాలేదని. ‘చాలా బాగుంది’ అంటే బొమ్మకు ముక్కు ఎటువైపు ఉందో తెలుస్తుందని. ‘అపురూపం’ అన్న నాణెం ప్రతి పట్టీలోనూ ఉండేది, ఎన్నాళ్లకీ అయిపోయేది కాదు. పెళ్లి సంబంధాలు కుదిర్చేవాళ్ల మాటలు విని పెరిగినవాణ్ణి కనుక ఆ భాష నాకు తొందరగానే అర్థమైంది. అర్థమయ్యాక కూడా తెప్పించుకుంటూనే ఉన్నాను.

మా ఆవిడది భద్రాచలం వైపు పల్లె. పుట్టింటివాళ్లు ఆమెకు రూపాయల దండ పెట్టారు. అన్నీ విక్టోరియా రాణి బొమ్మ ఉన్న వెండి రూపాయలే. ఒక్కోదాని నెత్తిన చిన్న కొండి టంకం పెట్టి, నల్లదారానికి గుచ్చారు. ఆ ఏడు నాట్లకు సాయం పోయినప్పుడు ఒక కొండి విరిగి, రూపాయి బురదలో పడిపోయింది. దండకు నడిమధ్యన, ముందుపన్ను ఊడినట్టు ఖాళీ ఏర్పడింది.

వేసవిలో ఆమె తమ్ముడి పెళ్లి. వాళ్ల ఊళ్లో దండలో ఖాళీకి ఒకటే అర్థం. మొగుడు ఒక్కొక్కటే అమ్ముకు తింటున్నాడని.

“పొలంలో పడిపోయిందని చెప్పొచ్చుగా,” అన్నాను.

“అందరు పెండ్లాలు అట్లనే చెప్తరు. మా చిన్నమ్మ దండంత వేలుతోటి తడిమి చూస్తది. చూసి ఏమనదు. ఆ ఏమనకపోవుడే నేను పడలేను,” అంది.

ఇంకో కాలంలోనైతే సంతకు పోయి వెతికితే పోయేది. కానీ యుద్ధం మొదలై కాగితం రూపాయలు దిగాయి. రాణి రూపాయలు ఇక చెల్లవన్నారు. తెలివైనవాళ్లు వాటిని పాతిపెట్టుకున్నారు. మిగతావాళ్లు, బండ్ల మీద ఉప్పూ బట్టలూ వేసుకుని సంతలకొచ్చిన బేరగాళ్లకు ఇచ్చేశారు. సంతలో రాణి మొహం కనబడటం మానేసింది. ఆ రకంగా నా జబ్బు సంసారానికి పనికొచ్చే రోజు వచ్చింది. పట్టీలో ఒక రాణి రూపాయి ఉంది. ‘టంకశాల నుంచి వచ్చింది వచ్చినట్టు, ముట్టనిది, సహజమైన నలుపుతో’ అని రాసి ఉంది. నచ్చకపోతే వచ్చిన స్థితిలోనే తిప్పి పంపవచ్చునట. ధర చెప్పను, మా ఆవిడ ఇది చదువుతుంది.

వీపీపీలో పంపమని రాశాను. వీపీపీ అంటే ముందు డబ్బు కట్టాలి, తర్వాత మూట విప్పాలి. మనుషుల మీద ఇంత నమ్మకం పెట్టమని ఏ మతమూ అడగదు.

అప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. పోస్టు పని చూసేది సంతలో ఉప్పు కొట్టు సేటు. బస్తరులోనే ఉన్న బీజాపూరు నుంచి టపా మోసే హర్కారా బల్లేనికి గంటలు కట్టుకుని, సంచీ మోసుకుంటూ అడవి దారిన వచ్చేవాడు. చెట్ల మధ్య ఎడ్ల మెడలో గంట మోగినా నేను లేచి నిలబడేవాణ్ణి. ఒకే దుంగ మీద రెండు నంబర్లు వేయించాను. గుత్తేదారు అదేమిటని అడిగితే, జాగ్రత్త కోసం అన్నాను.

“నువ్విట్ల దినాం తిరుగుతుంటే నీ మీద సమన్లు ఉన్నయనుకుంటరు బాబూ. ఆయేగా, ఆయేగా. వస్తది, కూసో,” అనేవాడు సేటు. నేను కూర్చునేవాణ్ణి కాదు.

ఈలోగా కూతుర్ని తీసుకుపోవడానికి మా అత్తగారు వచ్చారు. శుక్రవారం పొద్దున్నే బండి కట్టాలి. వాళ్ల ఆచారం ప్రకారం అత్త అల్లుడికి ఎదురుపడదు, నేరుగా మాట్లాడదు. ఆవిడ తలుపు చాటున నిలబడి గోడకేసి మాట్లాడతారు. కూతురు ఇంట్లో ఉంటే గోడకు బదులు కూతురు.

గురువారం మధ్యాహ్నం హర్కారా వచ్చాడు. డబ్బు కట్టి, కొట్టులోనే మూట విప్పాను. దూదిలో రూపాయి పడుకుని ఉంది. ఎంత నలుపు! అక్కడక్కడ నీలిమెరుపు. భూతద్దంలో చూస్తూ ఇంటికి నడిచాను, అందువల్ల రెండుసార్లు తట్టుకుని పడబోయాను.

మా ఆవిడ దాన్ని వెలుగులో పెట్టి చూసింది. “ఇంత నల్లగున్నదేంది? పొయ్యిలకెల్లి తీసిన్రా?”

“ఆ నలుపే దాని విలువ. తోమితే పోయినట్టే.”

“మిగతావన్ని తెల్లగ మెరుస్తుంటే నడుమ ఇది దిష్టిచుక్కనా?”

“పోనీ, టంకం మాత్రం పెట్టించకు. దారంతో కట్టుకుని వెళ్లిరా. వచ్చాక తీసి నా నాణేల డబ్బాలో పెట్టుకుంటాను.”

“తాయెత్తు కట్టుకోని పోవాల్నా తమ్ముని పెండ్లికి? నేను పోయి అవుసలాయన్ను పిలుచుకొస్త. నీ డబ్బాను పెండ్లికి పిలువలే,” అని కంసాలి కోసం వెళ్లిపోయింది.

సరిగ్గా అప్పుడే దుంగల బండి ఇరుక్కుందని గుత్తేదారు నుంచి కబురు. రూపాయిని దూదిలో చుట్టి గూట్లో పెట్టాను. లోపల అత్తగారు ఉన్నారు. ముట్టుకోవద్దని చెప్పాలి, కానీ ఎవరితో చెప్పను? గోడతో మాట్లాడే హక్కు ఆవిడది. అల్లుడు గోడతో మాట్లాడితే పిల్లనిచ్చినవాళ్లు భయపడతారు. చెప్పకుండానే వెళ్లాను.

తిరిగొచ్చేసరికి గుమ్మంలోనే చింతపండు వాసన తగిలింది. ఇంట్లోకి కొత్తగా వచ్చిన వెండిని బూడిద, చింతపండు పెట్టి తోమి, పసుపు అద్దందే వాళ్లు మెడకు తాకించరు. ఆ సంగతి నాకు తెలుసు, అప్పటిదాకా గుర్తు రాలేదు. రూపాయి దేవుడి పీట మీద, నిన్న పుట్టినట్టు తెల్లగా మెరుస్తూ, రాణి నుదుటి మీద పసుపుతో కూర్చుని ఉంది.

నా నోట మాట రాకముందే తలుపు చాటు నుంచి వినబడింది. మా ఆవిడ కూడా అప్పుడే వచ్చి పక్కన నిలబడి ఉంది. “బిడ్డా, మీ ఆయనకు చెప్పు. ఎవరో దీనికి దీపం మసి, నూనె కలిపి పూసిన్రు. చేతులు పడిపోయినయి తోమలేక.”

“విన్నవా?” అంది మా ఆవిడ, నేను పక్క ఊళ్లో ఉన్నట్టు.

“ఇంకోటి చెప్పు. దీనికి ముందే కొండి ఉండె. రాణి నెత్తి మీద చూడమను.”

భూతద్దం తీశాను. నిజమే. అంచు మీద, టంకం ఊడబీకి ఆకురాయితో రుద్దిన చదును. ఆ ముట్టని నాణెం ఏ అమ్మ మెడలోనో ఒక జీవితకాలం ఊగి వచ్చింది. ఇక్కడి సంతలో ఉప్పుకు పోయిన రూపాయే, బొంబాయి వెళ్లి, మొహానికి మసి పూసుకుని, నా ఖర్చుతో తిరిగొచ్చిందేమో. చెప్పలేను.

తిప్పి పంపుదామంటే, వచ్చిన స్థితిలోనే పంపాలి. మోసమని తెలియాలంటే తోమాలి, తోమితే తిప్పి తీసుకోడు. ఇంత పకడ్బందీ నియమం రాసినవాడు నాణేలు అమ్ముకోవడమేమిటి, ఏదైనా సంస్థానానికి దివాను కావలసింది.

అయినా ఊరుకోలేక కొట్టుకు పరుగెత్తాను.

“పైసలు హర్కారా సంచిల పోయినయి బాబూ. ఉరికితే అందుతడు. ఉరుకుతవా?” అన్నాడు సేటు. నిజంగానే ఉరుకుదామా అని కాసేపు ఆ దారి వైపు చూశాను. గంటలు కూడా వినబడటం లేదు.

ఇంటికొచ్చేసరికి కంసాలి కొలిమి ఊదుతున్నాడు. నా డబ్బాలో పెట్టుకోవలసిందేమీ ఇక మిగల్లేదు గనుక నేను అడ్డు చెప్పలేదు. “జాగా సిద్ధంగున్నదయ్యా,” అన్నాడు సంతోషంగా. “నేను గీకే పనే లేదు. కొండి అడిగి కూసున్నట్టు కూసున్నది.” పాత దారం నాని ఉందని దండంతా విప్పి కొత్త దారానికి గుచ్చాడు. మా ఆవిడ మెడలో వేసుకుని నీళ్ల బిందెలో చూసుకుంది. ఖాళీ లేదు.

“గిట్టుబాటే,” అంది నాతో. నేను ధర చెప్పలేదు.

పెళ్లినాటికి నేనూ వెళ్లాను. మగవాళ్ల వైపు కూర్చుని, పందిట్లో అటుపక్క ఆ చిన్నమ్మ ఎప్పుడు వస్తుందా అని మెడ సాచి చూస్తూనే ఉన్నాను. పప్పులో ఉప్పుందో లేదో కూడా తెలియలేదు. ఆమె వచ్చింది. మాటల మధ్య వేలు దండ మీద ఆ చివర నుంచి ఈ చివరకు పోనిచ్చింది. ఎక్కడా ఆగలేదు. ఏమీ అనలేదు. మా ఆవిడ మొహం చూస్తే, ఈసారి ఏమనకపోవడం ఆమెకు బాగానే పట్టిందని తెలిసింది.

తిరుగు ప్రయాణంలో బండిలో మేమిద్దరమే. అత్తగారు అక్కడే ఉండిపోయారు.

“ఇందుల నీ బొంబాయిది ఏదో చెప్పు,” అంది, మెడలో దండ చూపిస్తూ.

“నడిమిది.”

“కాదు. గుచ్చేటప్పుడు అది వరుసల యాడికో పోయింది. నడుమ మా నాయనమ్మది.”

ఒక్కోదాన్నీ మార్చి మార్చి చూశాను. అన్నీ ఒక్కలాగే తెల్లగా ఉన్నాయి, అన్నిటి నెత్తినా కొండి.

“వెనక సంవత్సరం ఉంటుంది. బొంబాయిదాని సంవత్సరం నాకు గుర్తే, దాన్నిబట్టి పట్టుకోవచ్చు,” అన్నాను.

“మరి తిప్పి చూడు.”

బండివాడు ఎద్దుల్ని తిడుతూ ముందుకే చూస్తున్నాడు. ఆ చివర నుంచి ఒక్కొక్కటే తిప్పడం మొదలుపెట్టాను.