ద్రాక్షతోటలో కఫీల్‌తో ఫొటో

సోమవారం మా ఆవిడకు ఆపరేషన్. ఇక్కడ సౌదీలో నాకు వీసా ఇచ్చిన కఫీల్ సంతకం పెడితేనే ఇంటికి వెళ్లగలను. వారమంతా ఆయన ఫోన్ ఎత్తలేదు. ఈ రోజు తబూక్‌లో యూనివర్సిటీ పక్కనున్న ద్రాక్షతోట చూడడానికి పిల్లలతో వచ్చాడని తెలిసి పరుగెత్తాను.

అడగనిస్తేగా! పక్కన కూర్చోబెట్టుకుని గావా కాఫీ పోశాడు, చేతిలో ద్రాక్షగుత్తి పెట్టాడు, సెల్ఫీ దిగాడు. చివరికి బతిమాలితే, “బుక్రా, ఇన్‌షా అల్లా” అన్నాడు. రేపు చూద్దామని.

కఫీల్‌ను కలిశానని ఆవిడకు నమ్మకం కలగాలని ఆ ఫొటోనే పంపాను.

“తోటలల్ల మంచిగ తిరుగుతున్నవ్. నాకు ఆపరేషనని యాదికున్నదా?” అంది.

గుత్తి ఎదురుగానే ఉంది. తినాలా, గోడకేసి కొట్టాలా? మీరే చెప్పండి.