డిస్కు వెనక పసుపు

గ్యారేజీలో చక్రం విప్పి, బ్రేకు డిస్కు తీసి, అది ఆనుకునే ఇనుప హబ్బును వైర్ బ్రష్‌తో గీకుతుంటే ఆ గరగర శబ్దానికి ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. సిగ్గుతోనే. తుప్పు వాసన ముక్కుకి తగలగానే పక్కన రామకోటయ్య గారు గొంతుక్కూర్చుని "ఇంకా గీకవయ్యా, మెరవాల" అంటున్నట్టే ఉంటుంది. ఈ వసంతంలో కూడా అదే జరిగింది. బండి వేరు, ఊరు వేరు, ఆయన లేరు. గీకడం మాత్రం ఆయన చెప్పినట్టే గీకుతున్నాను.

అప్పట్లో మేం అమెరికాలో, అరోరా అనే ఊళ్లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. మాకున్న బండి ఒక్కటే, నేను మోజుపడి కొన్న పాత పికప్ ట్రక్కు. నా భార్య సునీతకి నెలలు నిండుతున్నాయి. ఆసుపత్రి ముప్పావుగంట దూరం, దారంతా హైవే. ఆ ట్రక్కేమో వేగంలో బ్రేకు తొక్కితే పూనకం వచ్చినట్టు ఊగిపోయేది. ముందు డిస్కులు నేనే మార్చాను. కొన్ని వారాలు బాగానే ఉండి మళ్లీ మొదలైంది. ఇంకో జత తెచ్చి మార్చాను. మళ్లీ అదే వరస. వంకర డిస్కులు అంటగట్టారని విడిభాగాల షాపుకి వెళ్లి, కౌంటర్ దగ్గరుండే తెల్లజుట్టు పెద్దాయన మీద నలుగురిలో అరిచి వచ్చాను. ఆయన కళ్లు దించుకుని బిల్లులు సర్దుకున్నారు. అది చూసి నాదే రైటనుకున్నాను.

"నొప్పులొస్తే అంబులెన్స్ పిలుచుకుంటాను గానీ నీ ట్రక్కు మాత్రం ఎక్కను" అని సునీత తేల్చి చెప్పేసింది. ఆ మాట నాకు బాగా గుచ్చుకుంది. బిడ్డని ఇంటికి తెచ్చుకునే పాటి బండి కూడా నడపలేనివాణ్ణి అయిపోయాననిపించింది.

రామకోటయ్య గారు మా కింది ఇంట్లో, కూతురి దగ్గర ఆరు నెలలుండటానికి వచ్చారు. ఒంగోలులో బస్సు డిపోలో హెడ్ మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. ఇక్కడ పొద్దస్తమానం టీవీ చూసి విసిగిపోయి ఉన్నారు. పార్కింగ్‌లో నేను ట్రక్కు చుట్టూ తిరుగుతూ సణుక్కోవడం చూసి, స్వెట్టర్ మీద కోటు, కోటు మీద మఫ్లర్‌తో దిగి వచ్చారు.

"ఏందబ్బాయ్, దాని సంగతి?"

"డిస్కులు మంచివి కాదు బాబాయి గారూ, రెండుసార్లు మోసం చేశారు, షాపుకెళ్లి అరిచొచ్చా..."

"డిస్కుల సంగతి అడగలా. బండి సంగతి అడిగా. పా, ఒక చుట్టు తిప్పు."

పక్క సీట్లో కూర్చుని కళ్లు మూసుకున్నారు. మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి బ్రేకు వేయించారు. "నీ చేతుల కింద స్టీరింగ్ ఊగతా ఉంది. నా కింద సీటు ఊగట్లా. అంటే జబ్బు ముందు చక్రాల్లో ఉండాది" అన్నారు. తిరిగొచ్చాక జాకీతో ఎత్తించి, చక్రం విప్పించి, డిస్కుని నట్లతో బిగించమన్నారు. దాని అంచు దగ్గర స్క్రూడ్రైవర్ మొన కదలకుండా పట్టుకుని "తిప్పు" అన్నారు. తిప్పుతుంటే ఒకచోట మొన రాసుకుంది, ఒకచోట సందు కనపడింది.

"చూశారా, వంకర!" అన్నాను గెలిచినవాడిలా.

"డిస్కు వంకరో, కూర్చున్న చోటు వంకరో. పీకు."

పీకాను. హబ్బు మీద, డిస్కు వెనక, ఎండి పెచ్చుకట్టిన పసుపు ముద్ద. దాని నడుమ కుంకుమ. ఆయన గోటితో గీకి, వాసన చూసి, నా వంక చూశారు. నేను తల వంచుకున్నాను. ఇంట్లో కొత్త వస్తువు ఏదొచ్చినా అమ్మ పసుపు కుంకుమ పెట్టేది. పైన పెడితే వానకి కడుక్కుపోతుందని నేను తెలివిగా లోపల పెట్టాను. మొదటిసారి ఫలితం దక్కలేదని, రెండోసారి ఇంకాస్త దండిగా పట్టించాను.

ఆయన నవ్వలేదు. "వెంట్రుకంత ఎత్తు ఇక్కడుంటే, అంచుకొచ్చేసరికి అది పెద్దదవద్ది. బ్రేకు ప్యాడ్ ఒకే చోట రాసుకుని రాసుకుని డిస్కుని తినేసిద్ది. అందుకే మొదట్లో బానే ఉండి తర్వాత ఊగింది. ఆ షాపాయన తప్పేం లా" అన్నారు. డిస్కులు పాడైపోలేదు, లేత్ మీద చదును చేయిస్తే చాలన్నారు. దగ్గర్లో లేత్ ఉన్నది ఆ షాపులోనే.

"వేరే చోట చేయిస్తాను" అని గొణిగాను.

"అరిచింది ఎక్కడ?" అన్నారాయన, మఫ్లర్ సర్దుకుంటూ. రెండో డిస్కు కూడా పీకించి, కూతురి కారు తాళాలు నా చేతిలో పెట్టి, పక్కన ఎక్కి కూర్చున్నారు.

కౌంటర్ దగ్గరి ఆ తెల్లజుట్టు పెద్దాయన నా మాట చివరిదాకా విని, "టర్మరిక్?" అని రెండుసార్లు అడిగి, లోపల పనిచేసేవాళ్లందర్నీ పిలిచి నా చేత మళ్లీ చెప్పించారు. అందరూ పగలబడి నవ్వారు. సాయంత్రానికల్లా డిస్కులు అద్దాల్లా చేసిచ్చి నాతో చెయ్యి కలిపారు. అరిచిన రోజు కంటే ఆ రోజే నేను ఆ కౌంటర్ ముందు నిటారుగా నిలబడ్డాను.

ఇంటికొచ్చాక రామకోటయ్య గారు హబ్బులు మెరిసేదాకా గీకించి, నట్లు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించడం నేర్పి, హైవే మీద తిప్పించారు. స్టీరింగ్ చలించలేదు. సంతోషం పట్టలేక కుంకుమ తీశాను.

"ఆగు. మా డిపోలో బొట్టు ట్రయల్ అయినాకే."

"అయిందిగా బాబాయి గారూ?"

"ఏడయింది? మీ సునీత ఎక్కి, దిగాల."

పది రోజులకి, మంచు కురుస్తున్న ఒక ఉదయం నొప్పులొచ్చాయి. నేను ఫోను తీయబోతుంటే సునీత ట్రక్కు వైపు నడిచింది. హైవే దిగుతూ మొదటి ఎర్ర దీపం దగ్గర బ్రేకు గట్టిగా తొక్కాను. ఆమె కళ్లు మూసుకునే "ఊగట్లేదు" అంది. నాకు ఏడుపొచ్చింది.

పాపతో ఇంటికి వచ్చేసరికి రామకోటయ్య గారు మంచులో, చేతిలో కుంకుమ భరిణెతో నిలబడి ఉన్నారు. పాపని చూసి, నన్ను చూసి, ట్రక్కు ముందుకి నడిచి, రెండు లైట్ల మధ్య మంచు తుడిచి బొట్టు పెట్టారు.

ఇప్పుడు ఆఫీసులో నా ప్రోగ్రాం ఆగిపోతే, ఎవరినైనా ఒక మాట అనబోయే ముందు నేను రాసిన కోడు ముక్క విప్పి చూసుకుంటాను. చాలాసార్లు అక్కడే దొరుకుతుంది పసుపు. ఈ వసంతంలో గీకడం పూర్తయ్యాక చక్రాలు బిగించి, సునీతని, పాపని ఎక్కించుకుని ఊరంతా తిరిగొచ్చాను. వాళ్లు దిగి లోపలికి వెళ్లాక, రెండు లైట్ల మధ్య వేలితో దుమ్ము తుడిచి బొట్టు పెట్టాను.