ప్రభుదాసు గారు పెట్టని ఒత్వం

తెనాలి స్టేషను బయట మొదలై, పాత మిల్లుల వీధిలో డిజైన్ ఉత్సవం జరిగే ఆవరణ దాకా ఆ రోజు నేల మీద ఎర్రటి చుక్కలు పడ్డాయి. అడుగున్నరకొకటి. ఉత్సవానికి వచ్చినవాళ్లు ఎవర్నీ దారి అడక్కుండా వాటి వెంబడే నడిచారు. గేటు దగ్గర బ్యాడ్జి తగిలించుకున్న పెద్దమనిషి "చుక్కల ఏర్పాటు చాలా బావుందండి, మన కమిటీలో ఎవరిదీ ఆలోచన?" అని సెల్‌ఫోనులో ఎవరినో మెచ్చుకుంటున్నారు.

ఆలోచన ఎవరిదీ కాదు. ప్రభుదాసు గారి చేతిసంచిలో పావు లీటరు రంగు డబ్బా మూత ఊడింది. ఆయన వెనకే నడిచిన నేను, నా చెప్పులకు ఈ ఎరుపు ఎందుకంటుకుందా అని గేటు దాకా ఆలోచిస్తూనే వచ్చాను.

ప్రభుదాసు గారిది రేపల్లె. ముప్ఫై ఏళ్లకు పైగా బోర్డులు రాశారు. మా వీధి కిరాణా కొట్టు పేరు, నిజాంపట్నం పడవల మీద నంబర్లు, లూథరన్ చర్చి గోడ మీద ఏడాదికో వాక్యం, అన్నీ ఆయన చేతివే. ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గింది గానీ ఆయన దానికేం కుంగిపోలేదు. "మిషను రాస్తే తప్పు మిషనుదవుద్ది, నాకేంటి" అనేవారు. ఆయనకున్న దిగులల్లా ఒక్కటే. అది ఒక అక్షరం నెత్తిన ఉంది.

1979లో తెనాలిలో ఒక బియ్యం మిల్లువాళ్లు గోడ మీద రెండు నిలువుల ఎత్తున 'పొగ త్రాగరాదు' అని రాయమన్నారు. ఆయన పద్ధతి ఏమిటంటే, ముందు ఎడమ నుంచి కుడికి అక్షరాల ఒళ్లు మాత్రం రాసుకుంటూ పోతారు. అవి ఆరాక, నిచ్చెనను కుడి చివర నుంచి వెనక్కి జరుపుకుంటూ తలకట్లు, దీర్ఘాలు పెట్టుకొస్తారు. కింది రంగు ఆరకుండా పైన రాస్తే కారుతుందని ఆయన భయం. ఆ రోజూ చివరి 'దు'తో మొదలుపెట్టి, ఒక్కోదానికి తల పెట్టుకుంటూ రెండో అక్షరం 'గ' దాకా వచ్చారు. మిగిలింది మొదటి అక్షరం, దాని మీద ఒత్వం.

సరిగ్గా అప్పుడే లోపల ఇంజను బెల్టు జారింది. "నిచ్చెన! నిచ్చెన!" అంటూ నలుగురు పరుగెత్తుకొచ్చి, ఆయన్ని దింపి, నిచ్చెన పట్టుకుపోయారు. సాయంత్రానికి ఆ గోడకు ఆనించి బస్తాలు పేర్చేశారు. రేపు పెడదాం, ఎల్లుండి పెడదాం అనుకుంటుండగానే రోజులు గడిచిపోయాయి. ఒత్వం లేని 'పొ'ను జనం 'ప' అని చదువుకున్నారు.

పగ త్రాగరాదు.

హమాలీలు దాని కిందే చేరి బీడీలు ముట్టించేవారు. గుమాస్తా కేకలేస్తే యలమంద అనే హమాలీ గోడ వైపు చెయ్యి చూపించేవాడు.

"చదూకోండి గుమాస్తా గారూ. పగ తాగొద్దన్నారు, తాగట్లేదు. బీడీ మాటెక్కడుందండి?"

తెనాలిలో ఆయన పేరు 'పగ ప్రభుదాసు' అయి కూర్చుంది. ఆఖరికి టీ కొట్టులో కూడా "పగ గారికో టీ" అనేవారు.

మిల్లు మూతపడి ఏళ్లు గడిచాయి. 2007లో ఎవరో పూనుకుని ఆ మిల్లులన్నీ బాగుచేయించి, గోదాముల్లో కాఫీ హోటలూ, బొమ్మల కొట్లూ పెట్టించి, డిజైన్ ఉత్సవం అన్నారు. పేపర్లో ఫొటో వేశారు. ఫొటో నిండా ఆ గోడే. ప్రభుదాసు గారి భార్య దానమ్మ గారు కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూశారు.

"ఏంటయ్యా ఇది! ఇన్నాళ్లూ తెనాలి వరకే అనుకున్నాం. ఇప్పుడు జిల్లా అంతా తెలిసిపోయిందే."

"రేపెళ్లి పెట్టేసొస్తా."

"ఏంటి పెట్టేది?"

"ఒత్వం."

నిచ్చెన పట్టుకోవడానికి పక్కింటివాడినైన నన్ను వెంటబెట్టుకుని, మర్నాడు రేపల్లె ప్యాసింజరెక్కారు.

ఆవరణలో ధాన్యం జల్లెడలకు బల్బులు బిగించి దీపాలు చేశారు. ప్రభుదాసు గారు అన్నీ ఇష్టంగా చూశారు. ఒక కుర్చీ దగ్గర ఆగి, "దీని నాలుగో కాలు ఏదండి?" అని అడిగారు. మూడేనని చెబితే "పోన్లెండి, నిలబడిందిగా" అని చేసినవాళ్లను ఓదార్చారు.

గోడ దగ్గర జనం బాగా ఉన్నారు. పక్కన బల్ల మీద టీషర్టులు, కప్పులు. అన్నిటి మీదా అవే రెండు మాటలు. గోడ కింద చిన్న అట్ట: 'రాసినవారు: తెలియదు'. అనుపమ అనే డిజైన్ విద్యార్థిని, బాపట్ల అమ్మాయి, అందరికీ వివరిస్తోంది.

"ఇది ఉత్త హెచ్చరిక కాదండి. పగని మనసులో పెట్టుకోవడం అంటే దాన్ని తాగడమే అంటున్నాడు. ఎంత లోతుగా ఆలోచించాడో చూడండి! రాసింది ఎవరో చదువు లేని కూలీ అయ్యుంటాడు, పాపం."

"చదువుందమ్మా. ఎనిమిది పాసయ్యా" అన్నారు ప్రభుదాసు గారు.

అందరూ వెనక్కి తిరిగారు. నోరు జారిందని ఆయనకు అప్పుడు తెలిసింది. చెవులు ఎర్రబడ్డాయి. ఇక దాచి లాభం లేక బెల్టు, నిచ్చెన, బస్తాలు, మొత్తం చెప్పేశారు.

"అంటే అంకుల్, ఇది... పొగా?"

"పొగేనమ్మా."

అనుపమ ఒకసారి గోడను, ఒకసారి టీషర్టుల గుట్టను చూసింది. "పోనీ, మీ ఇష్టం అంకుల్. గోడ మీరు రాసిందేగా" అని, దీపాలు కట్టే అల్యూమినియం నిచ్చెన తనే తెచ్చి ఇచ్చింది. కాకపోతే గొంతులో ఏడుపు వినబడింది.

ఇంతలో జనంలోంచి చెవి వెనక బీడీ పెట్టుకున్న ముసలాయన తోసుకొచ్చాడు. యలమంద.

"ఒరేయ్ పగ ప్రభుదాసూ! దాని మీద చెయ్యేశావంటే ఈసారి నిచ్చెన నేనే లాగేస్తా. దాని చలవన పదేళ్లు హాయిగా బీడీ కాల్చుకున్నా!"

నేను నిచ్చెన పట్టుకున్నాను. ప్రభుదాసు గారు ఎక్కి సంచిలో చెయ్యి పెట్టారు. డబ్బా అడుగున గరిటెడు రంగు మిగిలింది. గోడ మీద పెట్టాల్సింది మూరెడు ఒత్వం. అది పెడితే ఇంకేమీ రాయడానికి చాలదు. ఆయన ఆ బోడి అక్షరం ఎదురుగా, నా చేతులు పీకేదాకా నిలబడ్డారు. ఒకసారి కిందికి చూశారు. అనుపమ గోళ్లు కొరుక్కుంటోంది. పక్కన అట్ట మీద 'తెలియదు'.

నాలుగు మెట్లు దిగి, ఆ అక్షరం కింద చిన్న అక్షరాలతో రాశారు: ప్రభుదాసు, రేపల్లె. ఈసారి ఒక్కో అక్షరం తలతో సహా పూర్తి చేశాకే రెండోదాని జోలికి వెళ్లారు.

అందరికంటే ముందు యలమందే చప్పట్లు కొట్టాడు. అనుపమ అట్ట పీకేసింది. ప్రభుదాసు గారు కిందికి దిగి కుంచె తుడుచుకుంటుంటే ఒకావిడ గొడుగు ఎత్తి గోడ వైపు చూపిస్తూ ముందుకొచ్చారు. బాలసరస్వతి గారట, బాపట్లలో తెలుగు టీచరుగా రిటైరయ్యారట.

"ఏమండీ, మీ పేరు మాత్రం ముత్యాల్లా రాసుకున్నారు. పొగకి ఒత్వం ఏదండీ? అంత పైకెక్కి కూడా పెట్టకుండా దిగడమేంటండీ?"

ప్రభుదాసు గారు ఖాళీ డబ్బా బోర్లించి చూపించారు.

"అప్పుడు రంగుంది, నిచ్చెన లేదండి, ఇప్పుడు నిచ్చెనుంది, రంగు లేదండి టీచరు గారూ."