అయిదు మాత్రలు మిగిలిన నెలలు

ఈ సంగతి ఇంతవరకు నేనెవరికీ చెప్పలేదు. మా పిన్ని ఎడమచేతి మీద, మణికట్టు నుంచి మోచేతి దాకా, కాలిన మచ్చ ఒకటి ఉండేది. ఆ మచ్చ పడకుండా ఆపగలిగిన మనిషి ఆ రోజు మా ఇంట్లో నేనొక్కదాన్నే. ఆపలేదు.

మొన్న మా అమ్మాయి నా బీపీ మాత్రల కోసం ఒక ప్లాస్టిక్ డబ్బా కొనుక్కొచ్చింది. ఏడు గళ్ళు, ఏడు మూతలు, ఒక్కో మూత మీద ఒక్కో వారం పేరు. ఏ రోజు మాత్ర మానేశానో చూడగానే తెలిసిపోతుందట, ఇక నా ఆటలు సాగవట. నవ్వి ఊరుకున్నాను గానీ, ఆ డబ్బాని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే నవ్వు ఎటో పోయింది. డెబ్భైల చివర్లో జగ్గయ్యపేటలో మా వంటింట్లో చింతపండు జాడీ పక్కన ఉండే కాఫీపొడి డబ్బా గుర్తొచ్చింది. అందులోనే పిన్ని మాత్రలు ఉండేవి, ఆ డబ్బా మీద పెత్తనం మా నాయనమ్మది.

నాన్న, బాబాయి కలిసి ఉన్న ఇల్లు మాది. నాన్న పొలం చూసుకునేవారు, బాబాయికి బజార్లో ఎరువుల కొట్టు ఉండేది. నేను ఇంటర్ అయిపోయి ఇంట్లో కూర్చున్న పిల్లని. బయటివాళ్ళొస్తే తలుపు చాటుకి వెళ్ళిపోయేదాన్ని, ఎవరైనా పేరడిగితే అమ్మ చెప్పాల్సి వచ్చేది. లైబ్రరీ పుస్తకాలు బియ్యం డ్రమ్ము వెనక దాచుకుని చదివేదాన్ని. ఏటా ఎరువుల కంపెనీ వాళ్ళు బాబాయికిచ్చే డైరీ మాత్రం నాకే వచ్చేది, ఎందుకంటే ఇంట్లో ఇంకెవరికీ రాసేంత సంగతులు లేవు. ప్రతి పేజీ పైనా తేదీతో పాటు తిథి కూడా అచ్చువేసి ఉండేది. పగలంతా నోరు విప్పని నేను ఆ పేజీల్లో తెగ మాట్లాడేదాన్ని. ఏ కూర వండారో, ఎవరెవరు వచ్చి వెళ్ళారో, ఎవరి మీద నాకు కోపమొచ్చిందో, అన్నీ.

పిన్నిది వీరులపాడు. నాకంటే నాలుగేళ్ళే పెద్ద, బాబాయిని చేసుకుని కాపురానికొచ్చిన వారానికే ఇంట్లో అందరి నడకలూ అనుకరించి చూపించి నాయనమ్మని కూడా నవ్వించిన మనిషి. నాతో నాలుగు మాటలు మాట్లాడించగలిగింది ఆ ఇంట్లో తనొక్కతే. పాప పుట్టిన ఆరు నెలలకి, తులసికోట దగ్గర నీళ్ళు పోస్తూ పోస్తూ ఒక్కసారిగా విరుచుకు పడిపోయింది. కళ్ళు పైకి పోయాయి, కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి, నోట్లోంచి నురగ వచ్చింది. తేరుకున్నాక ఏమైందని మమ్మల్నే అడిగింది. అలా రెండు మూడు సార్లయ్యాక వీధిలో వాళ్ళు గాలి సోకిందన్నారు.

మా ఇంట్లో వాళ్ళు ఏదీ వదిలిపెట్టే రకం కాదు. నాన్న పట్టుబట్టి నందిగామ డాక్టరు గారి దగ్గరికి పంపించారు. ఆయన ఇది మూర్ఛ జబ్బేనని, రోజుకో మాత్ర చొప్పున మానకుండా వేసుకుంటే తగ్గిపోతుందని చెప్పారు. నాయనమ్మ పట్టుబట్టి పక్క ఊరి పెద్దాయన చేత తాయెత్తు కట్టించింది. అమావాస్య అమావాస్యకీ ఆ తాయెత్తు మార్చాలి, దానికి ముందు మూడు రోజులు, తరవాత ఒక రోజు పథ్యం. ఉప్పూ కారం లేని అన్నం, పాలు. ఇంగ్లీషు మందు ముట్టకూడదు.

ఆ చివరి మాట మా ఇంట్లో మగవాళ్ళెవరికీ పెద్దగా చెవిన పడలేదు. పథ్యమంటే ఆడవాళ్ళ వ్యవహారం, ఆస్పత్రి అంటే మగవాళ్ళ వ్యవహారం. నెలకోసారి బాబాయి పిన్నిని బస్సులో నందిగామ తీసుకెళ్ళేవాడు. మాత్రలు రోజూ వేసుకుంటోందా అని డాక్టరు గారు అడిగితే రోజూ అండీ అనేవాడు. అది అబద్ధం కాదు, బాబాయికి తెలిసినంతవరకు నిజమే. పిన్ని మగవాళ్ళ ముందు నోరు తెరిచేది కాదు. నాయనమ్మకైతే పథ్యం రోజుల్లో మాత్ర మానేసినట్టే కాదు, అంతకంటే మంచి మందు వేసినట్టు లెక్క.

మూర్ఛ మాత్రం సరిగ్గా అమావాస్య చుట్టూనే వచ్చేది. అమావాస్య నాడో, ఆ మర్నాడో. దాంతో అందరి అనుమానమూ తీరిపోయింది. నెల సగం దాటిందంటే ఇల్లంతా వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టేది. పిన్ని నవ్వడం మానేసింది. డాక్టరు గారు ఆశ్చర్యపోయి మందు పెంచితే, పగలంతా మగతగా గోడకి జారబడి కూర్చునేది. పాపని ఎత్తుకోనివ్వడం మానేశారు.

ఆ ఏడు ఆషాఢంలో మా పెదతాత పోయారు. దగ్గరి దాయాదులం కాబట్టి పదకొండు రోజులు మైల, సరిగ్గా ఆ మధ్యలోనే అమావాస్య వచ్చింది. మైలలో తాయెత్తు కట్టకూడదు, పథ్యం పట్టకూడదు. ఇల్లంతా గుండెలు చేత్తో పట్టుకుని కూర్చుంది. అమావాస్య వచ్చింది, వెళ్ళింది. పిన్నికి ఏమీ కాలేదు. పోతూ పోతూ పెదతాత ఆ గాలిని తనతో తీసుకుపోయాడని నాయనమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది, అందరూ దణ్ణం పెట్టుకున్నారు.

మాత్రలు కొనుక్కురావడం నా పని, మా వీధి చివరే మందుల షాపు. ప్రతి నెలా ముప్ఫై తెచ్చేదాన్ని, ప్రతి నెలా డబ్బాలో అయిదు మిగిలేవి. అందుకని షాపుకి వెళ్ళడం ఒక అయిదు రోజులు వెనక్కి జరిగేది, షాపాయన ముఖం చూడాల్సిన రోజు వాయిదా పడిందని నేను సంతోషించి డైరీలో రాసుకునేదాన్ని కూడా. ఆ నెల డబ్బా తీస్తే ఖాళీ. ఒక్కటీ మిగల్లేదు. ఆ మధ్యాహ్నం డ్రమ్ము వెనక కూర్చుని జనవరి నుంచి పేజీలన్నీ తిరగేశాను. అయిదు మిగిలిన ప్రతి నెలా పిన్ని పడిపోయింది. మిగలని నెల పడిపోలేదు. మేమంతా వాన వచ్చే రోజనే గొడుగు తీస్తున్నామనుకున్నాం, మేము గొడుగనుకున్నదే వాన.

ఎవరికి చెప్పాలి? నాయనమ్మ ముందు నిలబడి, నీ పథ్యం వల్లే ఇదంతా అని ఏ నోటితో అనాలి? రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ డైరీలో మాత్రం శుభ్రంగా గీతలు గీసి రాసి పెట్టుకున్నాను. శ్రావణం వెళ్ళిపోతోంది. గాలి మళ్ళీ తిరిగి రాకుండా అని పథ్యం మొదలైంది. నేను చెప్పలేదు. అమావాస్య నాటి ఉదయం, కిందటి నెల ఏమీ కాలేదన్న ధైర్యంతో పొయ్యి దగ్గరికెళ్ళిన పిన్ని, గంజి వారుస్తూ పడిపోయింది. గంజంతా చేతి మీద పడింది.

ఆ అరుపు నేనిక్కడ రాయను.

వారం తిరక్కుండా పెద్దవాళ్ళు కూర్చున్నారు. భాద్రపద అమావాస్య కూడా చూద్దామని, ఇలాగే ఉంటే దసరా తరవాత పిన్నిని వీరులపాడులో దిగబెట్టాలని, పాప మాత్రం ఇక్కడే ఉంటుందని తేల్చారు. పిన్ని వంటింటి గుమ్మం దగ్గర కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని వింటోంది. లోపలికొచ్చి నన్ను చూసి, "పాపకి జడ నువ్వేస్తావుగా అమ్మాయ్? లాగి వెయ్యమాక, ఏడుస్తది" అంది. అంతే అంది.

నందిగామ వెళ్ళే రోజు పాపని ఎత్తుకోవడానికి నేను కూడా వెళ్ళాను. కాలిన చెయ్యి సంగతి డాక్టరుకి తనే చెప్పాలని నాయనమ్మ కూడా బయల్దేరింది. బస్సు దిగేదాకా సంచిలో డైరీ ఉందో లేదో ఎన్నిసార్లు తడుముకున్నానో. డాక్టరు గారి గదిలో మామూలు ప్రశ్న వచ్చింది. బాబాయి మామూలుగానే రోజూ అండీ అన్నాడు. నాకు మాట రాదని తెలిసిపోయింది. పాపని పిన్ని ఒళ్ళో కూర్చోబెట్టి, డైరీ తీసి, గీతలు గీసిన పేజీ తెరిచి, ఆయన బల్ల మీద పెట్టేశాను.

ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివారు. పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పారు. చివరికి తల ఎత్తకుండానే అడిగారు.

"అమావాస్యకి అయిదు రోజులు మాత్రలు ఎవరు మానిపిస్తున్నారమ్మా?"

"మానిపించటమేందయ్యా?" నాయనమ్మకి కోపమొచ్చింది. "పథ్యంలో ఇంగ్లీషు మందెట్టా ఇస్తారు? నేనే తీసి పక్కన పెడతన్నా."

"ఇన్నాళ్ళూ ఆమె ఎందుకు పడిపోతోందో నాకు అంతుపట్టలేదమ్మా. ఈ మందు ఒక్కసారిగా ఆపితేనే మూర్ఛ వస్తుంది. ఈ పిల్ల అంతా రాసి పెట్టింది చూడండి" అని, నెల నెలా పైకి చదవడం మొదలుపెట్టారు. ఆ ఊపులో పక్కనున్న వాక్యాలు కూడా చదివేశారు. అందులో మా నాయనమ్మ మీసాలు లేని మునసబు అని నేను రాసుకున్న వాక్యమొకటి ఉంది. ముందుగా నవ్వింది పిన్ని. ఏడాదిగా ఎవరూ వినని నవ్వు. తరవాత డాక్టరు గారు నవ్వారు. బాబాయి దగ్గు వచ్చినట్టు ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

నాయనమ్మ నవ్వలేదు. ఆషాఢం పేజీ మీద వేలు పెట్టి, అక్షరాలు రాకపోయినా, చాలాసేపు చూసింది. "మైలనాడు మాత్ర వేశాగా" అంది తనలో తనే. తరవాత డాక్టరు గారితో, "అయితే నా చేత్తోనే చేశానా అయ్యా?" అంది.

ఆయన మంచివారు. తెలియక చేసిందానికి తప్పేముందమ్మా అన్నారు. తాయెత్తు కట్టుకోండి, పథ్యం పెట్టుకోండి, మాత్ర ఒక్కటి మాత్రం మానకండి, ఆ బాధ్యత ఇంకెవరికీ ఇవ్వను, మీదే అన్నారు.

తిరుగు బస్సులో నాయనమ్మ కిటికీ పక్కన నా దగ్గరే కూర్చుంది. చిల్లకల్లు దాటాక అడిగింది.

"ఇదంతా ఎప్పుడు రాశావే?"

"మొన్న", అన్నాను.

"నోటితో చెబితే నేనేమన్నా కొరుకుతానటే?" అంది. అని నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. మొన్న కాదు నాయనమ్మా, నెలన్నర కిందట అని అనలేకపోయాను. అదే నేను దాచిన సంగతి.

భాద్రపద అమావాస్య పెద్దల అమావాస్య, అందరూ భయపడే రోజు. దానికి ముందు మూడు రోజులూ నాయనమ్మ స్నానం చేసి, మడి కట్టుకుని, కాఫీపొడి డబ్బా తీసి, మాత్ర అరచేతిలో పెట్టి, పిన్ని మింగిందాకా నిలబడి, నోరు తెరవమని లోపల చూసి మరీ వదిలింది. ప్రసాదాన్ని కూడా అంత నిష్ఠగా పంచడం నేను చూడలేదు. అమావాస్య నాడు గారెల పిండి రుబ్బుతానని పిన్ని పట్టుబట్టింది. మేమంతా ఏదో పని ఉన్నట్టు వంటింటి చుట్టూ తిరుగుతున్నాం. బాబాయి కొట్టు తెరవకుండా దూలాల వంక చూస్తూ కూర్చున్నాడు. మధ్యాహ్నమైంది. సాయంత్రమైంది. ఆ మర్నాడు కూడా పొద్దుగూకింది. పాడ్యమి దాటి విదియ ఉదయం పిన్ని పెరట్లో పాపని చంకకెత్తుకుని, మా అందరి నడకలూ వరసపెట్టి నడిచి చూపించింది. బాబాయి దూలాల వంక చూసిన చూపు కూడా చూపించింది. నాయనమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతూ ఏడ్చింది. ఆ రోజు డైరీలో నేను రాసింది ఒక్కటే ముక్క: మాత్రలు ఒక్కటీ మిగల్లేదు.

దసరా వచ్చింది, వెళ్ళింది. వీరులపాడు మాట ఎవరూ ఎత్తలేదు. నాయనమ్మ మాత్రం ఆగలేదు. మా పేటలో మూర్ఛ వచ్చే పిల్ల ఉందని తెలిస్తే ఆ ఇంటి గడపలో కూర్చుని, వాళ్ళు నందిగామ బస్సెక్కేదాకా లేచేది కాదు. "మాకు తెలివొచ్చేసరికి దాని చెయ్యి కాలింది, మీకు కాలకుండానే రావాలి" అనేది. మాలపల్లి నుంచి కూడా అమ్మలు వచ్చి మా అరుగు మీద కూర్చుని, మాత్రల సంగతి ఆమెనే అడిగేవాళ్ళు. పై ఏడు బాబాయి డైరీలు రెండు తెచ్చాడు, ఒకటి నాకు, ఒకటి నాయనమ్మకి. ఆమె చెబుతుంటే నేను రాసేదాన్ని, ఎవరింట్లో ఎవరు ఏ మాత్ర వేసుకుంటున్నారో. అలా గడప గడపకీ తిరిగి, తెలియకుండానే నేను మనుషులతో మాట్లాడటం నేర్చుకున్నాను. అయిదారేళ్ళకి డాక్టరు గారే కొద్దికొద్దిగా తగ్గించి పిన్నికి ఆ మందు ఆపేశారు. ఆవిడ మళ్ళీ ఎప్పుడూ పడలేదు.

ఇప్పుడు మాత్రల డబ్బాలకి వారాల పేర్లున్నాయి, మరిచిపోతే ఫోను మోగి చెబుతుంది. మనసుకొచ్చే జబ్బుల గురించి, మెదడుకొచ్చే జబ్బుల గురించి పిల్లలు మామూలుగా మాట్లాడుకుంటుంటే ప్రాణం లేచివస్తుంది. అయితే ఆ ఫోను, మింగావా, ఏదీ నోరు తెరువు అని నిలబడదు. ఒక మనిషి ఎప్పుడు నవ్వడం మానేసిందో రాసి పెట్టుకునే వాళ్ళు ఇప్పటి ఇళ్ళల్లో ఉన్నారో లేదో నాకు తెలియదు.

నేను పెళ్ళయి వచ్చేశాక కూడా ప్రతి అమావాస్య మర్నాడు పిన్నిని పలకరించడం మానలేదు. మొదట ఉత్తరం, తరవాత ఫోను. ఎందుకో ఆవిడ ఎప్పుడూ అడగలేదు. కిందటేడు ఒక పాడ్యమి నాడు మాత్రం గట్టిగా నిశ్చయించుకుని చేశాను. ఆవిడకి డెబ్భై దాటాయి, నాకూ దాటబోతున్నాయి, ఇక ఆ నెలన్నర సంగతి చెప్పేయాలి. ఫోనెత్తగానే వెనక పిల్లల గోల, ఎవరి నడకో అనుకరించి చూపిస్తున్నట్టుంది, ఆయాసపడుతూ నవ్వుతోంది. మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక, నిన్న అమావాస్య కదా పిన్నీ, ఎలా ఉన్నావోనని చేశాను, నీకొక సంగతి చెప్పాలి అన్నాను. ఆవిడకి సగమే వినబడింది. ఆ తరవాత పది రోజులకి, నిద్రలోనే, హాయిగా వెళ్ళిపోయింది. ఆ రోజు ఫోను పిల్లల చేతికిచ్చేస్తూ నాతో అన్న మాటే నాకు మిగిలింది.

"నిన్న అమావాస్యా? వెళ్ళిపోయిందా అప్పుడే? నేను చూసుకోనే లేదమ్మాయ్!"