నా నోట్లో ఎవరున్నారు

మా తోటికోడలు కార్తీక సోమవారం నాడు పోయింది. నేను ఉపవాసం ఉండి తులసి దగ్గర దీపం పెడుతుంటే దువ్వాడ నుంచి బావగారు ఫోన్ చేశారు. "అమ్మా, మీ అక్క ఎల్లిపోనాది" అని ఆ ఒక్క మాటా చెప్పి పెట్టేశారు. మంచి రోజున పోయింది, పుణ్యాత్మురాలు అన్నారు చుట్టాలంతా. అప్పన్న స్వామి మీద నమ్మకం ఉన్నదాన్ని, కాదనను. కానీ ఆ పుణ్యాత్మురాలి దగ్గర మనుషులు తీసేసుకున్నది ఒకటుంది. అది చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఆమె మా ఆయన అన్నగారి భార్య. అక్కా అనే పిలిచేదాన్ని. చదివింది ఐదో తరగతి. పెద్ద హీరోల సినిమాలు ఆమెకు పట్టవు. ఊరూ పేరూ లేనివాళ్ళు తీసినవి, హాల్లో వారం కూడా నిలవనివి, ఫోనులో పావుగంటకి అయిపోయే షార్ట్ ఫిల్ములు వెతుక్కుని చూసేది. పెద్ద సినిమాని పొగడటానికి లోకం ఉంది, వీటిని మనం కూడా చూడకపోతే ఎలా అనేది. మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి చింతపండులో గింజలు తీస్తూ, ఫోనుని పప్పు డబ్బాకి ఆనించి పెట్టుకుని కూర్చునేది.

ఊరికే చూసేది కాదు. తెర మీద బిందె ఎత్తుకుని నడిచే ఆడమనిషి కనబడితే అక్క కళ్ళు ఆ మనిషి ముఖం మీదకి వెళ్ళవు, నడుం మీదకి వెళ్తాయి. "ఖాళీ బిందె" అనేది వెంటనే. "ఆళ్ళకి డబ్బుల్నేవు, నిజిమే. బిందెలో నీళ్ళు పొయ్యడానికి డబ్బులెందుకు?" పేదింటి కథ అని చెప్పి గోడకి కొత్త సున్నం చూపిస్తే క్షమించేది కాదు. తల్లి అనేసరికి దగ్గు తప్ప ఇంకేమీ రాయడం రాదా వీళ్ళకి అని విసుక్కునేది. మద్దిలపాలెం డిపోలో ఆఖరి బస్సు తప్పిపోయిన తండ్రి కథ ఒకటి చూశాక మాత్రం చింతపండు పక్కకి నెట్టేసింది. అందులో ఎవరూ ఏడవరు. "ఏడుపు మనకొదిలీసినాడు సూడు. ఆడికి పనొచ్చు" అంది.

ఆమె చెబుతుంటే ఆ సినిమాల కింద నేను కామెంట్లు టైపు చేసేదాన్ని. ఆమె నాను అంటే నాను అనే కొట్టాలి, నేను అని మార్చకూడదు. చదివినవాళ్ళు కొందరు కింద నవ్వే బొమ్మలు పెట్టేవారు. ఒకడైతే కామెడీ ఆంటీ అని రాశాడు. నవ్వినోడు బిందె నిండుగా ఉందని మాత్రం అన్లేదు కదా అని ఊరుకుంది.

ఒక దర్శకుడు మాత్రం మర్యాదగా జవాబు రాశాడు. తర్వాత ఇంటికే వచ్చాడు. అతను తీస్తున్న చిన్న సినిమాలో ఆనందపురంలో పూలమ్ముకునే ఆవిడ వేషం ఉందట. ఇలాంటి మాట, ఇలాంటి మనిషే కావాలమ్మా అని బతిమాలాడు. ఇన్నాళ్ళూ అందరినీ తిట్టావు, ఇప్పుడు నిన్ను తిడతారని బావగారు ఏడిపించారు. "తిట్టనీండి. నా బుట్ట ఖాళీగుండదు" అంది.

షూటింగు నాడు నేనూ ఆ పూల మార్కెట్‌కి వెళ్ళాను. ఆమె బుట్టలో కాగితం పూలు పెట్టారు. ఆమె వాటిని పక్కన పెట్టించి, అక్కడే బంతిపూలు కొనిపించుకుని కూర్చుంది. ఆ చోటు ఖాళీ చెయ్యమని కొట్టువాడు అరవాలి, ఆమె తలెత్తి ఒక్క మాట చెప్పాలి. "నానెక్కడికెల్తాను? నానిక్కడే ఉంతాను." గట్టిగా అనలేదు. ఇంట్లో మాట్లాడినట్టే అంది. చుట్టూ నిజంగా పూలమ్మేవాళ్ళు బేరాలు ఆపేసి చూశారు. నా పక్కనున్న ఆవిడ పమిటతో కళ్ళొత్తుకుంది.

కొన్ని నెలలకి ఊళ్ళో ఒక చిన్న హాల్లో ఆ సినిమా వేశారు. మీలో కూడా కొందరు ఫోనులో చూసే ఉంటారు. తెర మీద అక్క తలెత్తి నోరు తెరిచింది. "నేనెక్కడికి వెళ్తాను? నేనిక్కడే ఉంటాను." ఎవరో అమ్మాయి గొంతు. వార్తలు చదివినట్టు శుభ్రంగా ఉంది. అదే సినిమాలో చిల్లర దొంగ ఒకడున్నాడు. వాడికి మాత్రం మా యాస అలాగే ఉంచారు. వాడు నోరు విప్పినప్పుడల్లా హాలంతా నవ్వింది.

అయిపోయాక దర్శకుడు వచ్చి ఆమె కాళ్ళకి దండం పెట్టాడు. ఆమె అతన్ని లేపి, నెమ్మదిగా అడిగింది.

"బాబూ, నా నోట్లో ఎవరున్నారు?"

అతను నచ్చజెప్పబోయాడు. అన్ని జిల్లాలవాళ్ళకీ అర్థం కావాలట. అది బరువైన సన్నివేశమట, ఈ యాస వింటే జనం నవ్వుతారట.

"నవ్వుతారని దొంగకుంచినావు. నవ్వుతారనే నాకు తీసీసినావు. మరి మేం ఏడిస్తే ఏ బాసలో ఏడవాల, నువ్వే సెప్పు" అంది.

అతను ఫోటో దిగుదామన్నాడు.

ఆ తర్వాత కూడా ఆమె సినిమాలు చూసింది. చెప్పడం మానేసింది. నేను ఫోను పట్టుకుని కూర్చుంటే వద్దులే, రాయకు అనేది. ఖాళీ బిందెలు కళ్ళముందే వెళ్ళిపోతున్నా ఒక్క మాట లేదు. జబ్బు తర్వాత వచ్చింది. నాకు మాత్రం మనిషి అప్పుడే సగం పోయిందనిపించింది.

ఆమె పోయిన మూడో రోజున ఆ సినిమావాళ్ళు ఆ పూలబుట్ట ముక్కని ఫోన్లలో వదిలారు. మా అమ్మకి నివాళి అని పైన రాశారు. చుట్టాలందరూ ఒకరికొకరు పంపుకున్నారు. ఆ గొంతులో ఎంత తడి ఉందో అని మా వాళ్ళలోనే ఒకరు రాశారు. ఎవరి గొంతు?

నేను దర్శకుడికి ఫోన్ చేశాను. షూటింగు నాడు ఆమె పలికినప్పటి రికార్డు ఇవ్వమని అడిగాను. డబ్బింగ్ చెప్పే అమ్మాయికి ఆనవాలుగా ఉంటుందని తీసుకున్నామమ్మా, పనయ్యాక చెరిపేశాం అన్నాడు. ఆమె గొంతు దొరుకుతుందేమోనని పెళ్ళిళ్ళ వీడియోలు వెతికాను. ఆమె వడ్డిస్తోంది, నవ్వుతోంది, ఎవరినో కేకేస్తోంది. ఆ మాటల మీద సన్నాయి వేసేశారు. తిట్టు నా నోటికి రాదు. దేవుడు నీకు మంచి బుద్ధినివ్వాలి నాయనా అని మాత్రం ఆ ఫోన్లోనే దర్శకుడితో అన్నాను. దాన్ని దీవెన అనుకుని థాంక్సమ్మా అన్నాడు.

పదకొండో రోజు భోజనాలయ్యాయి. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. బావగారు వరండాలో కూర్చుని ఆ ముక్కే చూస్తున్నారు. శబ్దం పూర్తిగా తగ్గించేశారు. పక్కన కాఫీ పెట్టినా తల తిప్పలేదు. తెర మీద అక్క తలెత్తింది, పెదవులు విడివడ్డాయి.

"నానెక్కడికెల్తాను" అన్నారు బావగారు, ఆ పెదవుల మీదే చూపు ఉంచి. "నానిక్కడే ఉంతాను."

అయిపోయింది. మళ్ళీ మొదటికి తిప్పారు. ఈసారి తొందరపడి ముందే మొదలుపెట్టేశారు. ఆగి, ఆమె నోరు తెరిచేదాకా చూస్తూ కూర్చున్నారు.