షోకేసులో మునస్వామి

మా చిన్నప్పుడు... పెళ్లి ఫోటోలు తీశాక ఫిల్మ్ రోలు చివర ఒకటో రెండో మిగిలితే, నాయన కెమెరా మెడలో వేసుకుని బజారులోకి వెళ్లేవాడు.

చిత్తూరులో మాది చిన్న ఫోటో స్టూడియో. చెప్పులు కుట్టేవాళ్లు, పూలు కట్టేవాళ్లు, బట్టల కొట్టు అద్దాలు తుడిచేవాళ్లు... చెప్పకుండా, పనిలో ఉండగానే తీసేవాడు. బాగా వచ్చినవాటిని పెద్దవి చేసి, ఫ్రేము కట్టి మా షోకేసులో పెట్టేవాడు.

ఒకసారి ఎదుటి ఇస్త్రీ బండి మునస్వామి ఫోటో పెట్టాడు. బుగ్గలు ఉబ్బించి బొగ్గులు ఊదుతున్నాడు అందులో.

అది శుక్రవారం. అమ్మ పూజ చేసి షోకేసు పైమేకుకు పూలదండ వేసింది. అది సరిగ్గా మునస్వామి ముఖం చుట్టూ వేలాడింది. మేమెవరం గమనించలేదు...

పల్లెల్లో అప్పుడు ఒక్కరి ఫోటో అంత పెద్దదిగా కట్టించేది మనిషి పోయాకే.

మధ్యాహ్నం మునస్వామి అక్క పూతలపట్టు నుంచి వచ్చింది. షోకేసు చూసి మెట్ల మీదే కూలబడింది.

"ఒరే తమ్ముడా! నాకొక మాటైనా సెప్పి పంపలేదే వీళ్లు!"

"అమ్మా, నా మాట ఇను..." అన్నాడు నాయన. ఆమె వినిపించుకునే స్థితిలో లేదు. జనం పోగయ్యారు. నాయన నా వైపు చూసి, "పోయి వాణ్ణి పిల్చుకొని రా" అన్నాడు.

బండి దగ్గరకు పరిగెత్తాను. మునస్వామి లేడు. ఇస్త్రీ పెట్టె చల్లగా ఉంది. పొద్దున చూశానో లేదో గుర్తు రాలేదు. వీధి వెంట అంగడి అంగడీ చూసుకుంటూ పోయాను...

మలుపులో మంగలి అంగట్లో కనిపించాడు. సగం గడ్డానికి సబ్బు నురగ.

"అన్నా, మీ అక్క ఏడస్తా ఉండాది, రా!"

మెడలో తుండుతోనే పరిగెత్తి వచ్చాడు. వెనకాలే కత్తితో మంగలి.

అక్క చూసింది. లేచి చెంప మీద ఒక్కటిచ్చింది.

"సచ్చినోడా! బతికే ఉండావా?"

"గడ్డం గీయించుకుంటా ఉంటి గదక్కా!"

"సగం గడ్డంతో పోతే పైన రానియ్యరు లేమ్మా," అన్నాడు మంగలి.

ఆమె చేతి నిండా నురగ. తమ్ముడి ముఖం తడుముతూ నవ్వుతోంది, ఏడుస్తోంది. నాయన దండ తీసేసి, కెమెరా అందుకున్నాడు...

పోయిన ఏడాది మా ఆవిడ ఫోటో పెద్దది చేయించాల్సి వచ్చింది. ఫోన్ నిండా ఉన్నాయి. అన్నింట్లోనూ చీర సర్దుకుని, నా వైపు చూస్తూ బిగుసుకుని నిలబడింది. అవి ఆమెలా అనిపించలేదు.

చాలా వెతికాక ఒకటి దొరికింది. తిరుపతిలో కూరగాయల బండి దగ్గర చింతచిగురు వాసన చూస్తోంది. నేను తీయడం ఆమెకు తెలియదు. చూడగానే గుండె మీద బరువు దిగింది. అదే కట్టించాను.

ఇప్పుడు ఫోన్ ఎత్తితే చాలు, అందరూ చేతిలో పని ఆపేసి నవ్వు తెచ్చుకుంటున్నారు... మీ ఇంట్లో ఎవరైనా తమకు తెలియకుండా పడిన ఫోటో ఉందా? వాళ్లు ఏ పనిలో ఉన్నారో చెప్పండి.