తార్నాకలో మూడో మ్యూజియం, సాక్సులో ఒక రాయి

ఈ ప్రయాణం మా ఎదురింటివాళ్లు పోయించిన ఇసుక కుప్ప దగ్గర మొదలైంది. తెనాలిలో వాళ్లు మేడ మీద ఇంకో అంతస్తు వేస్తూ వేసవికి ముందు లారీ ఇసుక దింపించారు. మా అబ్బాయి కౌశిక్‌కి పదేళ్లు. ఆ కుప్పలో వాడికి కోడిగుడ్డంత నల్లరాయి ఒకటి దొరికింది. నున్నగా ఉండి, దాని మీద తెల్లటి చార ఒకటి నత్తగుల్లలా మెలిక తిరిగి ఉంటుంది. ఇది శిలాజమేనని వాడు తేల్చేశాడు. కోట్ల ఏళ్ల నాటిదని, మ్యూజియంలో అద్దాల బీరువాలో పెడతారని, కింద చీటీ మీద తన పేరు రాస్తారని అన్నం ముందు కూర్చున్నా అదే గోల, పక్క మీద వాలినా అదే గోల. ఆ నస భరించలేక, "సెలవుల్లో హైదరాబాద్ వెళ్లినప్పుడు తెలిసినవాళ్లకి చూపిద్దాంలే" అనేశాను. ఇన్నేళ్లు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, పిల్లలు ఏ మాట మరిచిపోయినా ఇలాంటివి మరిచిపోరని నాకు తెలిసి ఉండాల్సింది.

మా ఆయనకి బ్యాంకులో సెలవు దొరకలేదు. నేను, కౌశిక్, మా ఐదేళ్ల పాప మిన్ను పొద్దున్నే తెనాలిలో రైలెక్కి మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక సికింద్రాబాద్‌లో దిగాం. సామాను తక్కువైతే స్టేషన్ దగ్గరే మెట్రో ఎక్కొచ్చు, మెట్టుగూడ తరవాత వచ్చేది తార్నాకే. నాకు రెండు బ్యాగులు, ఒక నీళ్ల డబ్బా, నిద్రపోతున్న ఒక పిల్ల ఉన్నాయి కాబట్టి నూటయాభైకి ఆటో మాట్లాడుకున్నాను. దిగింది మా వదిన ఇంట్లో. వదినంటే మా ఆయన అక్క. పెళ్లయిన దగ్గరనుంచీ తార్నాకలోనే ఉంటోంది, ఆఫీసు ఉద్యోగం చేసి రిటైరైంది. మంచి మనిషి. కానీ నేను ఆ ఇంటి కోడలిని, ఆవిడ ఆ ఇంటి ఆడపడుచు. ఆవిడ మాటకి ఎదురు చెప్పడం ఇన్నేళ్లలో నాకు అలవాటు కాలేదు.

మొదటి రోజు మూసీ ఒడ్డున ఉన్న పెద్ద మ్యూజియం, రెండో రోజు కొండమీది సైన్స్ మ్యూజియం చూశాం. రెండూ చూడాల్సినవే, పిల్లలు లేకుండా అయితే రెండుసార్లు చూడాల్సినవి. మొదటిదాంట్లో గడియారం గంట కొట్టేదాకా జనంలో నిలబడి, కొట్టే వేళకి మిన్నుని బాత్రూమ్‌కి తీసుకెళ్లాను. రెండోదాంట్లో అది సగం దారిలో నేలమీద కూలబడి ఇంటికెళ్దామంది. ఎత్తుకున్నాను. కౌశిక్ మాత్రం ప్రతి గదిలోనూ బొమ్మల్ని, యంత్రాల్ని వదిలేసి వాటి కింద చీటీలు చదివాడు. రెండో రోజు సాయంత్రం ఇంటికొచ్చేసరికి నా మడమలు నావి కాదనిపించాయి. మంచం మీద వాలి, రేపు ఒక్కటి అయిపోతే చాలు భగవంతుడా అనుకున్నాను. ఆ ఒక్కటే కౌశిక్ అసలు మ్యూజియం. తార్నాక పక్కనే ఉన్న యూనివర్సిటీ క్యాంపస్‌లో జియాలజీ డిపార్ట్‌మెంట్‌కి చిన్న మ్యూజియం ఉంది. మా తోటి టీచర్ ద్వారా అక్కడ పరిశోధన చేస్తున్న స్రవంతి అనే అమ్మాయి పరిచయమైంది. పదకొండింటికి రమ్మంది.

మూడో రోజు పొద్దున్న రాయి కనబడలేదు. కౌశిక్ బ్యాగు బోర్లించి, దుప్పట్లు దులిపి, చివరికి మిన్ను జడ కూడా లాగాడు. ఆ గోలకి వదిన వంటింట్లోంచి వచ్చింది.

"ఏ రాయి నాన్నా? సాక్సులో చుట్టింది ఉందే, అదా?"

"అదే అత్తయ్యా!"

"అయ్యో, రాయి అనకు. లెంపలు వేసుకో ముందు." వదిన నా వైపు తిరిగింది. "మాసిన బట్టలు తీద్దామని రాత్రి సంచి విప్పితే కనబడ్డాడమ్మా. స్వామిని సాక్సులో చుట్టి పెట్టాడు వీడు!"

వాళ్లింట్లో దేవుడి మందిరమంటే అద్దాల తలుపులున్న చెక్క బీరువా. అందులో వెంకటేశ్వరస్వామి పటం ముందు, వెండి పళ్లెంలో, గంధం బొట్టుతో, నెత్తిన తులసి దళంతో మా వాడి రాయి కూర్చుని ఉంది. ఆ తెల్ల చార చూసి వదిన దాన్ని సాలగ్రామం అనుకుంది. అన్నయ్యగారు, అంటే వదిన భర్త, తెల్లవారుజామునే తలస్నానం చేసి అభిషేకం కూడా చేసేశారు. వచ్చే వారం ఆయనకి కంటి ఆపరేషన్. ఒక కన్ను ఇప్పటికే సరిగ్గా కనబడదు, రెండోది చెడితే ఎలాగని ఆయనకి నెలరోజులుగా నిద్రలేదట.

"ఎవరూ పిలవకుండా తనంతట తనే మన ఇంటికొచ్చాడు సుజాతా," అంది వదిన. "రాత్రి మీ అన్నయ్యగారు ఎన్నాళ్లకో కంటినిండా నిద్రపోయారు."

ఇంకోపక్క కౌశిక్ నా కొంగు పట్టుకుని, "అమ్మా, నాది కదా, నువ్వు చెప్పు" అంటున్నాడు. కళ్లు నిండిపోయాయి వాడికి. ఇద్దరిలో ఎవరి మాట కొట్టేసినా పాపం నాకే. నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది, అన్నిటికన్నా ఆ ఇసుక లారీ మీద ఎక్కువ వచ్చింది.

దారి చూపించింది అన్నయ్యగారే. "పిల్లాడికి మాటిచ్చారు కదా, చూపించుకు రండి. వచ్చాక నైవేద్యం పెట్టుకుందాం" అన్నారు. సాలగ్రామం ఇంట్లో ఉంటే దానికి నైవేద్యం పెట్టకుండా ఆ ఇంటివాళ్లు తినకూడదు. పైగా దాన్ని పరాయి చేతికి ఇవ్వకూడదని వదిన కూడా బయల్దేరింది. చిన్న స్టీలు డబ్బాలో పట్టుగుడ్డ పరిచి, తన చెయ్యి తగలకుండా పళ్లెంలోంచి రాయిని అందులోకి జార్చి, పైన తులసి దళం పెట్టి మూత వేసింది. ఆవిడకి షుగరు. మాత్ర వేసుకోలేదు, ఇడ్లీ ముట్టలేదు. ఎంత చెప్పినా వినలేదు.

క్యాంపస్‌కి తార్నాక గేటు దగ్గరే కదా, నడుద్దామనుకునేవాళ్లకి ఒక మాట. గేటు దగ్గరే, డిపార్ట్‌మెంట్లు మాత్రం దగ్గర కాదు. ఎండాకాలంలో పిల్లలతో ఆ ప్రయత్నం చేయొద్దు. మా ఆటో డ్రైవరూ అదే అన్నాడు: "లోపల శాన దూరం ఉంటది మేడమ్. గేటు కాడ దిగిన్రంటే పిల్లలు ఏడుస్తరు. ఎనభై ఇయ్యుండ్రి, డిపార్ట్‌మెంట్ ముంగటనే దింపుత."

ఎక్కాం. వదిన డబ్బాని రెండు చేతులా పొదివి పట్టుకుని, "బాబూ, కాస్త మెల్లిగా పోనీ, స్వామి ఉన్నాడు" అంది.

డ్రైవరు అద్దంలోంచి మా నలుగురినీ, డబ్బానీ చూశాడు. "గుడికి పోతున్నరా అమ్మా, రాళ్ల డిపార్ట్‌మెంట్‌కు పోతున్నరా? ఏదో ఒక్కటి చెప్పుండ్రి."

"రెండూ" అన్నాను. నవ్వే ఓపిక లేకపోయినా నవ్వొచ్చింది.

స్రవంతి ల్యాబులో పనిలో ఉండి కాసేపు కూర్చోమంది. వరండాలో బల్ల మీద కూర్చున్నాం. మిన్ను దాహమంది, తరవాత బాత్రూమంది, తరవాత మళ్లీ దాహమంది. వదిన ముఖం పాలిపోతోంది. బ్యాగులో గ్లూకోజ్ బిస్కెట్లు ఉన్నాయి, తీసి చూపిస్తే తల అడ్డంగా ఊపింది. ఈ సెలవుల పేరు చెప్పి నేను ఎవరికి విశ్రాంతి ఇస్తున్నానో నాకే అర్థం కాలేదు.

మ్యూజియం ఒకే ఒక పొడవాటి హాలు. పాత చెక్క బీరువాలు, అద్దాల వెనక రాళ్లు, వాటి ముందు చీటీలు. రాయి పేరు, దొరికిన చోటు, కొన్నిటికి కింద 'ఇచ్చినవారు' అని ఎవరిదో పేరు. కౌశిక్ ఆ పేర్లు ఒక్కొక్కటీ పెదాలు కదుపుతూ చదువుకున్నాడు. స్రవంతి నల్గొండ అమ్మాయి, చలాకీగా ఉంది. డబ్బా కోసం చెయ్యి చాచింది. వదిన ఒక అడుగు వెనక్కి వేసి, "అమ్మా, ఏమనుకోకు. చెప్పులు విడిచి, కాస్త చేతులు కడుక్కుని..." అని ఆగిపోయింది.

నేను సిగ్గుతో చచ్చిపోయాను. స్రవంతి మాత్రం చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, మూలనున్న సింకులో చేతులు కడుక్కుని వచ్చింది. "మా నానమ్మ గూడ గిట్లనే అంటది ఆంటీ" అంది. రాయిని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, చిన్న భూతద్దం కంటికి ఆనించి, తిప్పి తిప్పి చూసింది. కౌశిక్ మునివేళ్ల మీద లేచి తొంగి చూశాడు, వాడి పక్కనే వదిన కూడా.

స్రవంతి వాడి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "బేటా, నిజం చెప్పాల్నా?"

"చెప్పండి."

"ఇది శిలాజం కాదు. బసాల్ట్ అంటరు, లావా చల్లారితే అయిన రాయి. ఈ తెల్లది నత్త గాదు. రాయి పగిలిన సందుల తెల్ల ఖనిజం నిండింది, గంతే. నదిల దొర్లి దొర్లి గిట్ల నున్నగైంది. కానీ పాతదే, కోట్ల ఏండ్ల కిందిది."

కౌశిక్ తల ఊపాడు. ఏడవలేదు. ఏడిస్తే బాగుండు, ఎత్తుకుని ఓదార్చేదాన్ని.

"అంటే... సాలగ్రామం కాదా?" అంది వదిన.

స్రవంతి ఆవిడని ఒక బీరువా దగ్గరికి తీసుకెళ్లింది. లోపల నల్లటి రాతిలో నిజంగానే నత్తలా చుట్టుకున్న చక్రం ఉంది. ఎప్పుడో సముద్రంలో బతికిన జీవి అచ్చు అని, సాలగ్రామంలో ఉండేది ఇదేనని చెప్పింది. వదిన అద్దానికి ఇవతలే నిలబడి చేతులు జోడించింది. మెల్లగా అడిగింది: "వీటికి ఇక్కడ నైవేద్యం ఎవరు పెడతారమ్మా?"

"ఎవ్వరు పెట్టరు ఆంటీ. అప్పుడప్పుడు దుమ్ము దులుపుతం."

వదిన స్టూలు మీద కూలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది. తరవాత రాయిని తనే చేత్తో తీసి కౌశిక్‌కి అందించింది. "తీసుకో నాన్నా, నీ రాయి నీకిచ్చేస్తున్నా. మామూలుదేనట కదా." తులసి దళాన్ని డబ్బాలోనే ఉంచి మూత పెట్టింది. అన్నయ్యగారికి ఈ మాట ఎలా చెప్పాలన్నదే ఆవిడ బెంగ.

బయట ఆటోలు లేవు. చెట్ల నీడన గేటు వైపు నడవక తప్పలేదు. మిన్ను నా భుజం మీద, బ్యాగు ఇంకో భుజం మీద, వదిన నా చెయ్యి పట్టుకుని. కౌశిక్ రాయిని గుప్పిట్లో తిప్పుతూ ముందు నడుస్తున్నాడు. సగం దారిలో ఆగాడు.

"అత్తయ్యా, మామయ్య కూడా తినలేదా?"

"లేదు నాన్నా. మనం వెళ్లాలిగా."

"ఇది మామూలు రాయని మామయ్యకి చెప్తావా?"

వదిన చేతిలోని డబ్బా వైపు చూసింది. వాడు ఆవిడ ముఖం చూశాడు. తరవాత ఆవిడ చేతిలోని డబ్బా తీసుకుని, మూత తెరిచి, పట్టుగుడ్డ సర్ది, రాయిని లోపల పెట్టాడు. వాడిపోయిన తులసి దళం కూడా మరిచిపోకుండా పైన పెట్టాడు. "తొందరగా వెళ్దాం, నీకు షుగరు కదా" అన్నాడు. నేను వెనకే ఉండిపోయాను. మిన్ను బరువుకి కాదు, కళ్లలో నీళ్లు ఆగక.

ఇంటికెళ్లేసరికి అన్నయ్యగారు గుమ్మంలోనే ఉన్నారు. "ఏమన్నారు?" అని అడిగారు. వదిన నోరు తెరిచేలోపే కౌశిక్ చెప్పాడు: "కోట్ల ఏళ్ల నాటిదట మామయ్యా!" అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆయన ముఖం విప్పారింది. నైవేద్యం పెట్టి, బీరకాయ పప్పు, మామిడికాయ పచ్చడితో అందరం ఒక్కసారే కూర్చున్నాం. అంత రుచిగా అన్నం తిని ఎన్నాళ్లయిందో.

పిల్లల్ని మ్యూజియంలకి తిప్పేది ఏదో నేర్పాలనే. వాళ్లు ఏం నేర్చుకుంటారన్నది మన చేతుల్లో లేదు. మూడు రోజులు కాళ్లు అరిగేలా తిరిగి వచ్చాక నాకు మిగిలిన ఫొటో ఒక్కటే, అదీ ఏ మ్యూజియంలోదీ కాదు. తిరుగు ప్రయాణం పొద్దున్న వదిన నన్ను దేవుడి బీరువా దగ్గరికి పిలిచింది. అద్దాల వెనక, వెండి పళ్లెంలో, రాయికి ఆనించి ఒక అట్ట ముక్క ఉంది. మా వాడి దస్తూరీ: 'నల్లరాయి. దొరికిన చోటు: ఇసుక కుప్ప. వయసు: కోట్ల ఏళ్లు. ఇచ్చినవారు: కౌశిక్, తెనాలి.' నాలుగు మూలలా వదిన రాసిన పసుపు ఉంది.

వెళ్లాలనుకునేవాళ్లకి ఒక్క సూచన. డిపార్ట్‌మెంట్ మ్యూజియంలకి ముందుగా ఎవరితోనైనా మాట్లాడుకుని, టిఫిన్లు తిని, పొద్దున్న పూటే వెళ్లండి. చుట్టాలింట్లో దిగితే మాత్రం పిల్లల సంచి మీరే విప్పండి, సాక్సులతో సహా.